రైజెన్ 3600కి ఏ గ్రాఫిక్స్ కార్డ్ పెట్టాలి? 5060, బి580, 9060 ఎక్స్‌టీ, లేకపోతే సెకండ్‌హ్యాండ్ 3060 12జీబీ?

గుణదల_గేమర్ · నవంబర్ 9, రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. నా దగ్గర జీటీఎక్స్ 1650 4జీబీ ఉంది, ఐదేళ్ళ నుంచి అదే, సీఎస్2, వాలరెంట్ వరకు నడిపిస్తోంది గానీ సైబర్‌పంక్ పెడితే ఎడ్లబండే. ఇండియానా జోన్స్ గేమ్ అయితే ఓపెన్ కూడా అవ్వలేదు. బడ్జెట్ 30 వేలు, గట్టిగా లాగితే 35. మానిటర్ 1080పీ 144 హెర్ట్జ్. ప్రాసెసర్ రైజెన్ 5 3600.

వారం నుంచి వీడియోలు చూసీ చూసీ తల తిరుగుతోంది. ఒకడి గ్రాఫ్‌లో ఇంటెల్ ఆర్క్ బి580 పైన ఉంటుంది, ఇంకోడి గ్రాఫ్‌లో అదే కార్డు, అదే గేము, కింద నుంచి రెండోది. ఇద్దరూ అబద్ధం చెప్తున్నారా లేక నాకే అర్థం కావట్లేదా? ఏది కొనాలో ఒక్క ముక్కలో చెప్పండి ప్లీజ్.

గ్రీన్‌కార్డ్_క్యూలో · నవంబర్ 9, రాత్రి 11:05

ఒక్క ముక్కలో: ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060. డీఎల్‌ఎస్‌ఎస్ 4 (చిన్న బొమ్మని ఏఐతో పెద్దది చేసేది) ఉంది, మల్టీ ఫ్రేమ్ జెనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కృత్రిమ ఫ్రేములు కలిపేది) ఉంది, 145 వాట్లే తాగుతుంది. ఇంకేం ఆలోచించకు.

ఎర్రజట్టు · నవంబర్ 9, రాత్రి 11:09

వచ్చాడండీ డల్లాస్ నుంచి. 2025లో 8జీబీ కార్డ్ కొనమని చెప్పడానికి మనసెలా వచ్చింది బాబూ. ఏఎండీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16జీబీ కళ్ళు మూసుకుని తీసుకో.

గ్రీన్‌కార్డ్_క్యూలో · నవంబర్ 9, రాత్రి 11:14

అతని బడ్జెట్ చదివావా? కళ్ళు మూసుకుంటే అదే కనపడదు మరి.

పార్క్‌లేన్_అన్న · నవంబర్ 9, రాత్రి 11:31

తమ్మీ, ఈళ్ళిద్దరు గిట్లనే కొట్లాడుకుంటరు, నువ్వు పట్టించుకోకు. నేను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ల సిస్టమ్స్ అసెంబుల్ చేస్త, రోజుకి ఇద్దరు ముగ్గురు ఇదే అడుగుతరు. ముందుగాల నీ సిస్టమ్ మొత్తం రాయి. బోర్డ్ ఏది, ర్యామ్ ఎన్ని కడ్డీలు, ఎస్ఎంపీఎస్ (కరెంట్ సప్లై డబ్బా) ఎన్ని వాట్లది, కేబినెట్ల ఫ్యాన్లు ఎన్ని. కార్డొక్కటి చెప్తే ఏం చెప్పగలం. బండికి టైర్లు కొందామని వచ్చి ఇంజన్ ఏందో చెప్పకపోతే ఎట్ల?

గుణదల_గేమర్ · నవంబర్ 9, రాత్రి 11:40

బోర్డ్ బి450. ర్యామ్ 16జీబీ, ఒకటే స్టిక్ (తర్వాత ఇంకోటి వేద్దాంలే అని అప్పుడు ఒకటే కొన్నా, ఆ తర్వాత ఇంకా రాలేదు). ఎస్ఎంపీఎస్ 450 వాట్లు, మంచి కంపెనీదే. ఫ్యాన్లు ముందు ఒకటి, వెనక ఒకటి.

ఫ్రేమ్‌టైమ్ · నవంబర్ 10, ఉదయం 7:20

ఒకటే స్టిక్ అన్నావు చూడు, సగం కథ అక్కడే ఉంది. దానికి మళ్ళీ వస్తా. ముందు నీ గ్రాఫుల గొడవ చెప్తా.

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. బి580 2024 డిసెంబర్‌లో వచ్చినప్పుడు దాదాపు అందరూ 9800ఎక్స్3డీ లాంటి టాప్ ప్రాసెసర్‌తో టెస్ట్ చేశారు. కార్డుల్ని పోల్చేటప్పుడు అలాగే చేయాలి, లేకపోతే ప్రాసెసర్ అడ్డం పడి అన్ని కార్డులకీ ఒకటే నంబర్ వస్తుంది. 249 డాలర్లకి 12జీబీ, ఎన్విడియా 4060ని దాటేసింది, అందరూ చప్పట్లు. జనవరిలో కొందరు అదే కార్డుని రైజెన్ 2600, 3600, 5600 మీద పెట్టి చూస్తే కొన్ని గేముల్లో 4060 కంటే కిందకి పడింది. ఇంటెల్ డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ పని వేస్తుంది, ఖాళీ ఉన్న ప్రాసెసర్ మోస్తుంది, మన 3600 లాంటిది నడుం పట్టుకుంటుంది. దానికి తోడు రీసైజబుల్ బార్ (ప్రాసెసర్‌కి కార్డు మెమరీ మొత్తం ఒకేసారి అందేలా చేసే సెట్టింగ్) ఆన్‌లో లేకపోతే ఆర్క్ కార్డులు ఇంకా కూలబడతాయి. బి450లో బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే ఆ ఆప్షన్ వస్తుంది, అది వేరే విషయం.

చవకగా దొరికే కార్డ్ కాబట్టి పాత సిస్టమ్ ఉన్నోళ్ళే దాన్ని కొంటారు, అది బాగా పరిగెత్తేదేమో కొత్త సిస్టమ్ మీద. నీ 3600కి బి580 వద్దు. 5600 పెట్టినా నేను రెండుసార్లు ఆలోచిస్తా.

గుణదల_గేమర్ · నవంబర్ 10, ఉదయం 8:02

థాంక్స్ బ్రో, ఇంత క్లియర్‌గా ఎవరూ చెప్పలేదు.

ఫ్రేమ్‌టైమ్ · నవంబర్ 10, ఉదయం 8:04

బ్రో కాదు, అక్క.

గుణదల_గేమర్ · నవంబర్ 10, ఉదయం 8:05

సారీ అక్కా 🙏

పాత580 · నవంబర్ 10, ఉదయం 9:48

సెకండ్‌హ్యాండ్ 3060 అన్నావు కదా, దాని గురించి నా ఏడుపు కొంచెం వినండి. మూడేళ్ళ కింద ఒకాయన దగ్గర ఆర్ఎక్స్ 580 8జీబీ కొన్నా. ఇంటికొచ్చి పెడితే నెట్‌లో చూసిన నంబర్లు రావట్లేదు, ప్రతి గేములో కొంచెం తక్కువ. డ్రైవర్లు మార్చా, విండోస్ మళ్ళీ వేశా, నెల రోజులు నన్ను నేనే తిట్టుకున్నా. చివరికి జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి చూస్తే షేడర్లు (లోపలి చిన్న కోర్లు) 2048. అసలు 580కి 2304 ఉండాలి. 2048 ఎస్పీ అని ఇంకో రకం ఉందట, పేరు మాత్రం 580యే, లోపల ఉన్నది 570 సరుకు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "డబ్బా మీద 580 అనే ఉంది కదా సార్" అన్నాడు. ఉంది. నిజమే.

3060లో కూడా ఈ తిరకాసు ఉంది. 12జీబీది 192 బిట్ బస్సు (మెమరీకి వెళ్ళే దారి వెడల్పు), తర్వాత వచ్చిన 8జీబీది 128 బిట్. పేరు ఒకటే. వీర్యామ్ (కార్డు మీద ఉండే మెమరీ) ఒక్కటే తగ్గిందనుకుంటారు, మెమరీ వేగం సెకనుకి 360 జీబీ నుంచి 240కి పడిపోయింది. 3050 కూడా అంతే, 6జీబీది వేరు 8జీబీది వేరు, 6జీబీదానికి లోపల కోర్లే తక్కువ. కొనే ముందు జీపీయూ-జెడ్ స్క్రీన్‌షాట్ అడగండి, ఇవ్వనంటే దండం పెట్టి వచ్చేయండి.

పార్క్‌లేన్_అన్న · నవంబర్ 10, ఉదయం 10:15

జీటీ 1030 యాది చేసుకోరి. జీడీడీఆర్5 ఉన్నది ఒకటి, మామూలు డీడీఆర్4 వేసింది ఒకటి, రెండిటి పేరు జీటీ 1030నే. మెమరీ వేగం 48 జీబీ యాడ, 16.8 యాడ! మస్తు మంది మోసపోయిన్రు. పెట్టె మీద చిన్న అక్షరాలు ఎవరు సదువుతరు చెప్పు.

వైజాగ్_వోల్టేజ్ · నవంబర్ 10, మధ్యాహ్నం 1:33

బస్సు, బ్యాండ్‌విడ్త్ అని మరీ ఊగిపోకండి గురూ. 3060 12జీబీకి 360 ఉంటే 4060కి 272యే, అయినా 4060యే ముందుంటాది. ఏటీ మరి? ఎల్2 క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న మెమరీ) 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచాడు, కావలసిన సరుకు ఇంట్లోనే ఉంటే బజారుకి ఎక్కువసార్లు వెళ్ళక్కర్లేదు కదా. స్పెక్ షీట్‌లో ఒక గడి పట్టుకుని ఇది దానికంటే గొప్పది అనడం కుదరదు. గేము నడిపి చూడాలి, అంతే.

గ్రీన్‌కార్డ్_క్యూలో · నవంబర్ 10, రాత్రి 8:50

గేము నడిపితే 5060కి ఫ్రేమ్ జెన్ ఆన్ చేసి 200 ఎఫ్‌పీఎస్ వస్తుంది. 9060 ఎక్స్‌టీకి వస్తుందా?

ఎర్రజట్టు · నవంబర్ 10, రాత్రి 8:58

జనవరిలో స్టేజి మీద ఎన్విడియా బాస్ జెన్సన్ గారు 549 డాలర్ల 5070కి పోయిన తరం టాప్ కార్డ్ 4090 పెర్ఫార్మెన్స్ అన్నారు, అది కూడా ఇదే లెక్క. ఒక అసలు ఫ్రేముకి మూడు కొసరు ఫ్రేములు కలిపి 4090తో సమానం. కొసరు ఇచ్చినంత మాత్రాన తూకం పెరుగుతుందా?

ఫ్రేమ్‌టైమ్ · నవంబర్ 10, రాత్రి 9:26

ఇద్దరూ ఆగండి. ఫ్రేమ్ జెన్ పనికిరానిదేం కాదు, అసలు ఫ్రేములు 60, 70 వస్తున్నప్పుడు ఆన్ చేస్తే కళ్ళకి హాయిగా ఉంటుంది. 30 వస్తున్నప్పుడు ఆన్ చేస్తే స్క్రీన్ మీద 120 అని చూపిస్తుంది గానీ మౌస్ మాత్రం జిగురులో పడ్డట్టే ఉంటుంది, ఎందుకంటే నీ క్లిక్కు లెక్కలోకి వచ్చేది అసలు ఫ్రేముల్లోనే. కాబట్టి పోల్చేటప్పుడు అది ఆఫ్ చేసి పోల్చాలి, ఇంట్లో ఆడుకునేటప్పుడు ఎవరిష్టం వాళ్ళది.

ఇంకోటి, అందరూ యావరేజ్ గురించే మాట్లాడుతున్నారు. ఒక చిన్న లెక్క చెప్తా. ఒక సెకనులో 55 ఫ్రేములు ఒక్కోటి 13 మిల్లీసెకన్లకి వచ్చాయి, 715 అయింది. మిగతా 5 ఫ్రేములు ఒక్కోటి 57 మిల్లీసెకన్లు, 285 అయింది. మొత్తం 1000. అంటే సెకనుకి 60 ఫ్రేములు, బోర్డు మీద 60 ఎఫ్‌పీఎస్ అని రాసుకోవచ్చు. కానీ ఆడుతున్నోడికి సెకనుకి ఐదుసార్లు బండి గుంతలో పడ్డట్టు ఉంటుంది. ప్రతి ఫ్రేమూ 16.7కి వచ్చినా యావరేజ్ అదే 60. ఈ రెండూ ఒకటేనా?

2011లో టెక్ రిపోర్ట్ అనే సైట్‌లో స్కాట్ వాసన్ అనే ఆయన మొదట ఇదే పట్టుకున్నాడు, సెకనుకి ఎన్ని ఫ్రేములు అని కాదు, ఒక్కో ఫ్రేముకి ఎంత సేపు పట్టిందో కొలవాలి అని. ఇప్పుడు రివ్యూల్లో కనపడే 1% లో (low, అన్నిటికంటే నెమ్మది ఫ్రేముల లెక్క) అంతా ఆ దారిలో వచ్చిందే. అది కూడా జాగ్రత్తగా చూడాలి, కొందరు అన్నిటికంటే నెమ్మది 1% ఫ్రేముల సగటు తీస్తారు, కొందరు 99వ పర్సంటైల్ దగ్గర ఆగిపోతారు, పేరు మాత్రం ఇద్దరూ 1% లో అనే పెడతారు. ఒకరి గ్రాఫ్‌లో నంబర్ తీసుకెళ్ళి ఇంకొకరి గ్రాఫ్ పక్కన పెట్టొద్దు అనేది అందుకే.

గుణదల, నీకు హోంవర్క్. ఆఫ్టర్‌బర్నర్ (కార్డు ఎంత పని చేస్తోందో చూపించేది) వేసుకుని సీఎస్2లోనూ, సైబర్‌పంక్‌లోనూ జీపీయూ యూసేజ్ ఎంత ఉందో చూసి చెప్పు. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ (ఒక్కో ఫ్రేము టైము కొలిచేది) కూడా వేసుకో, ఫ్రీయే.

గుణదల_గేమర్ · నవంబర్ 11, రాత్రి 9:15

చూశా అక్కా. సైబర్‌పంక్‌లో జీపీయూ 98, 99 మీదే కూర్చుంది. సీఎస్2లో మాత్రం 70, 75 మధ్య తిరుగుతోంది, ఎఫ్‌పీఎస్ 118, 1% లో 41. రిజల్యూషన్ 720పీకి తగ్గించినా అదే 118! అంటే ఏంటి, కార్డ్ పని చేయట్లేదా?

ఫ్రేమ్‌టైమ్ · నవంబర్ 11, రాత్రి 9:22

కార్డ్ ఖాళీగా కూర్చుని ఎదురు చూస్తోంది. సైబర్‌పంక్‌లో వంటవాడు నెమ్మది, సీఎస్2లో సరుకులు అందించేవాడు నెమ్మది. సీఎస్2 కోసం నువ్వు 5090 కొన్నా అదే 118 దగ్గర ఉంటావు. ఒకటే ర్యామ్ స్టిక్ కాబట్టి ప్రాసెసర్ సగం దారిలోనే నడుస్తోంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేశావా?

గుణదల_గేమర్ · నవంబర్ 11, రాత్రి 9:24

ఎక్స్‌ఎంపీ అంటే?

పార్క్‌లేన్_అన్న · నవంబర్ 11, రాత్రి 9:25

అయ్యో రామా.

పార్క్‌లేన్_అన్న · నవంబర్ 11, రాత్రి 9:41

ఎక్స్‌ఎంపీ అంటే ర్యామ్‌ని దాని అసలు స్పీడ్‌ల నడిపే బయోస్ సెట్టింగ్. నవ్వుకున్న గానీ నీ ఒక్కడి తప్పు కాదులే. పోయిన నెల ఒక పోరగాడు వచ్చిండు, కొత్త కార్డ్ తీసుకపోయిండు, వారానికి మళ్ళ తీసుకొచ్చి "అన్నా పాతదానికి దీనికి ఫరకే లేదు, కార్డ్ డూప్లికేట్" అని లొల్లి. సిస్టమ్ తెప్పిచ్చి చూస్తె మానిటర్ 165 హెర్ట్జ్‌ది, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్ల 60 పెట్టి ఉన్నది. రెండేళ్ళ సంది గట్లనే ఆడుతుండు! మార్చి ఇచ్చిన, మౌస్ ఇట్ల తిప్పి అట్ల తిప్పి నోరు తెరిచి చూసిండు. నువ్వు గూడ జర చూసుకో.

ర్యామ్ కొందామంటే ఇప్పుడు రేట్లు మండిపోతున్నయ్, రెండు నెలల కిందటి రేటుకి ఇప్పటి రేటుకి సంబంధమే లేదు. కొత్తది కొనకు. దోస్తులల్ల ఎవనికైన 8 జీబీలు రెండు ఉంటే నీ 16 ఇచ్చి అవి తీస్కో. ఆనికి రేపు ఇంకోటి ఏస్కునే జాగ ఉంటది, నీకు పైసా ఖర్చు లేదు.

గుణదల_గేమర్ · నవంబర్ 13, రాత్రి 11:50

అన్నా నువ్వు దేవుడివి. కాలేజీలో నాతో చదివినోడు ఒప్పుకున్నాడు, వాడిది ఎడిటింగ్ సిస్టమ్, ముందు ముందు 32 చేసుకుంటాడట, మారకం అయిపోయింది. రెండో స్లాట్, నాలుగో స్లాట్‌లో పెట్టా, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఆన్ చేసి ర్యామ్ స్పీడ్ 3200 చేశా. అదే 1650, అదే గేము, అదే మ్యాప్: 149, 1% లో 66. మానిటర్ మాత్రం 144లోనే ఉంది, ఆ పరువు దక్కింది.

ఎర్రజట్టు · నవంబర్ 14, ఉదయం 7:58

పైసా పెట్టకుండా 41 నుంచి 66. ఇంకా కార్డ్ కొంటావా మరి?

గుణదల_గేమర్ · నవంబర్ 14, ఉదయం 8:30

సైబర్‌పంక్ అలాగే ఉంది కదా అన్నా. కొంటా. కానీ ఈసారి గ్రాఫులు నమ్మను. పటమటలో పెద్దమ్మ వాళ్ళ అబ్బాయి దగ్గర 4060 ఉంది, బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్రెండ్ దగ్గర 3060 12జీబీ ఉంది. ఆదివారం రెండూ తెచ్చి నా సిస్టమ్‌లోనే పెట్టి చూస్తా. నేను కొనేవి అవి కావు గానీ 8జీబీ కొత్త కార్డు, 12జీబీ పాత కార్డు ఎలా ఉంటాయో తెలుస్తుంది కదా.

ఫ్రేమ్‌టైమ్ · నవంబర్ 14, ఉదయం 8:44

శభాష్. ఒక్కో టెస్ట్ మూడుసార్లు నడుపు, మొదటిది పక్కన పెట్టు (షేడర్లు, లోడింగ్ వల్ల అది ఎప్పుడూ తేడాగా వస్తుంది). బ్రౌజర్ మూసెయ్. కార్డ్ పెట్టగానే కొలవకు, పది నిమిషాలు ఆడి వేడెక్కాక కొలువు, చల్లటి కార్డు కొత్త అల్లుడిలా ఉంటుంది, అసలు గుణం తర్వాత బయటపడుతుంది.

గుణదల_గేమర్ · నవంబర్ 16, రాత్రి 11:30

రిపోర్ట్. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే ఇప్పటికి అయింది.

4060ని పెద్దమ్మ పాత కాటన్ చీర ముక్కలో చుట్టి ఇచ్చింది, స్కూటీ డిక్కీలో పెట్టుకుని తెచ్చా. 1650 తీయడానికే అరగంట పట్టింది, స్లాట్ చివర ఉన్న ఆ బుల్లి లాచ్ కూలర్ కింద దాక్కుని ఉంది, వేలు దూరదు, చివరికి తమ్ముడి జామెట్రీ బాక్స్‌లో స్కేలు తీసుకుని నొక్కితే టక్ మని వదిలింది. వెనక వైపు చూస్తే ఐదేళ్ళ దుమ్ము, ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య దూది పరిచినట్టుంది.

అన్నీ 1080పీ, ఫ్రేమ్ జెన్ ఆఫ్, అప్‌స్కేలింగ్ ఆఫ్.

సైబర్‌పంక్ హై, రే ట్రేసింగ్ లేకుండా, గేములో ఉన్న బెంచ్‌మార్కే: 3060 యావరేజ్ 66, 4060 యావరేజ్ 78.

సీఎస్2, లో (low) సెట్టింగ్స్: 3060కి 231, 1% లో 84. 4060కి 236, 1% లో 86. అంటే రెండూ ఒకటే.

ఇండియానా జోన్స్‌లో మాత్రం అసలు సినిమా కనపడింది. టెక్స్చర్ పూల్ (గేము బొమ్మల పైపూతలకి కేటాయించే మెమరీ) హైలో పెడితే 3060కి 62, ఏ కుదుపూ లేదు. 4060కి మొదట బానే ఉంది, రెండు నిమిషాల తర్వాత ఆ అడవిలోకి వెళ్ళేసరికి 19! చెయ్యి కదిపితే అర సెకను తర్వాత కదులుతోంది. పూల్ మీడియంకి దించగానే అదే 4060కి 75 వచ్చింది, 3060ని దాటేసింది. ఇదేం కార్డో నాకర్థం కాలేదు, పొద్దున గెలిచి మధ్యాహ్నం ఓడి సాయంత్రం మళ్ళీ గెలిచింది.

వైజాగ్_వోల్టేజ్ · నవంబర్ 16, రాత్రి 11:38

చీర ముక్కలోనా!! యాంటీస్టాటిక్ కవరేదిరా బాబూ 😭

గ్రీన్‌కార్డ్_క్యూలో · నవంబర్ 16, రాత్రి 11:47

చూశారా, మీడియంలో 4060యే గెలిచింది. సైబర్‌పంక్‌లో కూడా 15 శాతం ముందు.

ఎర్రజట్టు · నవంబర్ 16, రాత్రి 11:52

66 నుంచి 78 అంటే 18 శాతం. 78 నుంచి 66 కి దిగితే 15. మీ కార్డ్ గెలిచినప్పుడు కూడా తక్కువ చెప్పుకుంటున్నారు, లెక్కలు ఎక్కడ చదివారు సార్?

గ్రీన్‌కార్డ్_క్యూలో · నవంబర్ 16, రాత్రి 11:55

...ఓకే, అది నాదే తప్పు.

ఫ్రేమ్‌టైమ్ · నవంబర్ 17, ఉదయం 7:10

ఈ థ్రెడ్‌లో ఎవరో తప్పు ఒప్పుకున్నారు, తేదీ రాసి పెట్టుకోండి.

గుణదల, నువ్వు చూసింది వీర్యామ్ నిండిపోవడం. 8జీబీ దాటిన సరుకు సిస్టమ్ ర్యామ్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి పీసీఐఈ (బోర్డుకీ కార్డుకీ మధ్య స్లాట్) దారిలో ప్రతిసారీ తెచ్చుకోవాలి. కార్డ్ లోపల సెకనుకి 272 జీబీ, ఆ దారిలో నీ బోర్డుకి 8 జీబీ కూడా ఉండదు. ఎందుకంటే 4060కి ఎనిమిది లేన్లే ఉంటాయి, నీ బి450, 3600 జోడీ పీసీఐఈ జెన్ 3 (మూడో తరం). కొత్త జెన్ 4 బోర్డుల మీద ఈ దెబ్బ సగం తగులుతుంది, అందుకే రివ్యూల్లో ఇంత ఘోరంగా కనపడదు. 6500 ఎక్స్‌టీకి నాలుగు లేన్లే ఇచ్చి 4జీబీ పెట్టినప్పుడు పాత బోర్డుల వాళ్ళు ఎంత ఏడ్చారో గుర్తుందా.

ఇప్పుడు నీ లిస్ట్ మళ్ళీ చూడు. 5060 కూడా ఎనిమిది లేన్లే, 8జీబీయే. జీడీడీఆర్7 వల్ల లోపల 448 ఉంటుంది, కానీ నిండాక బయటికి వెళ్ళే దారి నీకు అదే సందు. 9060 ఎక్స్‌టీకి 16 లేన్లు ఇచ్చారు, నీ పాత బోర్డుకి కూడా పూర్తి దారి దొరుకుతుంది, 16జీబీది అయితే ఆ దారి పట్టాల్సిన పనే ఉండదు. 5060 చెడ్డ కార్డ్ అని అనను, టెక్స్చర్లు ఒక మెట్టు దించుకుని ఆడేవాళ్ళకి, కొత్త బోర్డు ఉన్నవాళ్ళకి బానే ఉంటుంది, డీఎల్‌ఎస్‌ఎస్ నిజంగానే బాగుంటుంది. ఏఎండీది ఎఫ్‌ఎస్‌ఆర్ 4 (డీఎల్‌ఎస్‌ఎస్ లాంటిదే) వచ్చాక తేడా తగ్గింది గానీ, అది ఉన్న గేములు ఇంకా తక్కువ. నీ సిస్టమ్‌కి అయితే నా ఓటు 9060 ఎక్స్‌టీ 16జీబీ.

గ్రీన్‌కార్డ్_క్యూలో · నవంబర్ 17, ఉదయం 9:20

లేన్ల సంగతి ఒప్పుకుంటా. కావాలంటే సంక్రాంతికి ఇంటికొస్తున్నా, ఇక్కడి నుంచి తెస్తా, 349 డాలర్లు లాంచ్ రేటు.

పాత580 · నవంబర్ 17, ఉదయం 9:45

తెచ్చేది తెస్తారు సార్, పాడైతే వారంటీకి మళ్ళీ డల్లాస్ పంపాలి. మా బావమరిది ఒకటి తెప్పించుకున్నాడు, ఏడో నెల ఫ్యాన్ పోయింది, ఇక్కడ సర్వీస్ సెంటర్‌లో సీరియల్ నంబర్ చూసి ఇది మన దేశం ముక్క కాదన్నారు. సెకండ్‌హ్యాండ్ 6700 ఎక్స్‌టీ చూడొచ్చుగా, 12జీబీ, 16 లేన్లు, రేటు కూడా తక్కువ.

వైజాగ్_వోల్టేజ్ · నవంబర్ 17, ఉదయం 10:30

6700 ఎక్స్‌టీ 230 వాట్లు, అతనిది 450 ఎస్ఎంపీఎస్. నడుస్తాదేమో గానీ నాకైతే నిద్ర పట్టదు. 9060 ఎక్స్‌టీ 160, ఒకటే 8 పిన్. తేడా 70 వాట్లు, రోజుకి నాలుగు గంటలు ఆడితే నెలకి 8.4 యూనిట్లు. పెద్ద డబ్బేం కాదు, కానీ ఎండాకాలంలో ఏసీ నడిచే ఇంట్లో ఆ ఎనిమిది యూనిట్లే పై స్లాబులోకి తోస్తే అప్పుడు నాన్నగారు నీ గేముల గురించి కూడా చర్చ పెడతారు. పైగా ఆ 70 వాట్లూ నీ గదిలోకే వేడిగా వస్తాయి. బెజవాడలో అది చిన్న విషయం కాదు. మాకు వేడి కంటే సముద్రం గాలి, నా కార్డ్ బ్రాకెట్ స్క్రూలు తుప్పు పట్టి ఊడి రాక డ్రిల్ వేశాను, అదింకో రోజు చెప్తా.

గుణదల_గేమర్ · డిసెంబర్ 6, రాత్రి 12:20

కొనేశా. 9060 ఎక్స్‌టీ 16జీబీ. బడ్జెట్ దాటింది, ఎంతో ఇక్కడ రాయను, అమ్మ ఈ సైట్ చదవదు గానీ తమ్ముడు చదువుతాడు. పాత డ్రైవర్ సేఫ్ మోడ్‌లో డీడీయూతో తీసేసి కొత్తది వేశా.

సైబర్‌పంక్ అదే హై: 92. యూసేజ్ మాత్రం 80 దగ్గరే ఆగుతోంది. ఇండియానా జోన్స్ పూల్ హై కంటే పైన పెట్టినా కుదుపు లేదు. సీఎస్2 చూసి నవ్వొచ్చింది: 234, 1% లో 85. 3060కి, 4060కి, దీనికి అదే!

ఫ్రేమ్‌టైమ్ · డిసెంబర్ 6, ఉదయం 7:05

80 అంటే ఇక ఇప్పుడు 3600 వంతు. తొందరేం లేదు, సెట్టింగ్స్ పెంచుకుంటూ పో, కార్డ్ 95 దాటేదాకా నీకు ఉచితమే. ఎప్పుడైనా సెకండ్‌హ్యాండ్ 5700ఎక్స్3డీ కనపడితే వదలకు, అదే బోర్డులో కూర్చుంటుంది, బయోస్ ముందు అప్‌డేట్ చేసుకో.

పార్క్‌లేన్_అన్న · డిసెంబర్ 6, ఉదయం 10:40

1650 ఏం చేసినవ్? అమ్ముతవా? నా దగ్గర ఒక పిల్లగాడు అడుగుతుండు.

గుణదల_గేమర్ · డిసెంబర్ 6, ఉదయం 10:52

తమ్ముడు లాక్కున్నాడు అన్నా. దుమ్ము దులిపి వాడి సిస్టమ్‌లో పెట్టా. ఆ స్కేలు కూడా తిరిగి ఇమ్మన్నాడు.

వైజాగ్_వోల్టేజ్ · డిసెంబర్ 6, ఉదయం 11:15

అంతా బానే ఉంది గానీ ఈ నంబర్లన్నీ నవంబర్, డిసెంబర్ చలిలో కొలిచినవి గురూ. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి, ఏసీ లేకుండా, అదే సైబర్‌పంక్ మళ్ళీ నడిపి హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడి చోటు) ఎంతో, క్లాక్ ఎంత పడిందో పెట్టు. ఈలోగా వోల్టేజ్ కొంచెం కొంచెం దించి చూసుకో.

గుణదల_గేమర్ · డిసెంబర్ 6, ఉదయం 11:21

పెడతా అన్నా. ఆ టైముకి కరెంట్ ఉంటే.